అత్తమ్మ మోసిన మానిక

పొద్దున పదకొండు గంటలప్పుడు సుబేదారిలోని మా ఆఫీసులో ఉండగా మా నాన్న తమ్ముడు చిన్నబాపు ఫోన్ చేశాడు. "అక్క పోయింది బిడ్డా. చాయ్ తాగి గోడకు ఆనుకొని కూసున్నది. పిలిస్తె పలుకలే" అన్నాడు. పోయింది మా నాన్నకూ చిన్నబాపుకూ అక్క, నాకు మేనత్త. అత్తమ్మ అని పిలిచేదాన్ని. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. మానిక ఎక్కడుందో, ఎవరి చేతిలో పడిందో అన్న భయం వచ్చింది. ఈ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అత్తమ్మ గురించి రాయాలని కూర్చొని మొదట్లోనే అబద్ధమాడితే, ఆమెకు నేను చేసిన అన్యాయాల్లో అది ఇంకొకటవుతుంది.

మానిక అంటే బియ్యం కొలిచే పాత్ర. మాది ఇత్తడిది. మా వైపు పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పెళ్లప్పుడు ఒకసారి, ఆ తర్వాత మూడో ఏట, ఐదో ఏట, అట్లా. పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, రవికెబట్ట పిల్ల ఒడిలో పోసి, కొంగు మూటగట్టి అత్తగారింటికి పంపుతారు. చాలా ఇళ్లలో చేతికందిన గిన్నెతో కొలిచేస్తారు. మా ఇంట్లో మాత్రం ఎన్ని తరాలైనా ఆ ఒక్క మానికే. పైగా అది పుట్టింట్లో ఉండదు. ఇంటి పెద్ద ఆడపిల్ల దగ్గర ఉంటుంది. ఆమె తర్వాత ఆమె మేనకోడలికి పోతుంది. అట్లా మేనత్త నుంచి మేనకోడలికి చేతులు మారుతూ అత్తమ్మ దాకా వచ్చింది.

ఇదేం పద్ధతి, ఇంట్లో పెట్టుకుంటే పోయేదానికి ఊళ్లు తిప్పడమెందుకు అని చిన్నప్పుడు అడిగాను. అత్తమ్మ చింతపండుతో మానిక తోముతూ నవ్వింది. "ఇంట్ల ఉంటె ఇంటి సామానైతది కోడలా. ఆడిపిల్ల దగ్గర ఉంటె, ఒడిబియ్యమన్నప్పుడల్లా ఆమెను పిలువక తప్పది. మర్సిపోకుంట పిలువనీకె పెట్టిన్రు గిది" అంది. తాతల నాటి వస్తువుల గురించి నేను చాలా మాటలు విన్నాను, ఆఫీసులో నలుగురి ముందు నేనూ కొన్ని చెప్పాను. వాటిలో ఏదీ ఈ మాటకు సరితూగదు.

పిలిచేవాళ్లు, నిజమే. పిలిచి ఎక్కడ కూర్చోబెట్టేవాళ్లో కూడా చెప్పాలి.

అత్తమ్మకు ఇరవై నాలుగేళ్లప్పుడు మామయ్య పోయాడు. ఒడిబియ్యం పోసేది ముత్తైదువలే కాబట్టి, మానికను ఇంకొకరి చేతికి మార్చాలని పెద్దలు పట్టుబట్టారట. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. చివరికి ఎవరికీ పూర్తిగా నచ్చని ఒక ఏర్పాటు కుదిరింది. అత్తమ్మ మానిక తేవచ్చు. గడప దగ్గర ఇవ్వాలి. బియ్యం పోసినంతసేపు వెనకింట్లో ఉండాలి. ఈ ఆచారం పెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. దాన్ని మారుమాట లేకుండా పాటించినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ కోపం ఎటు తిప్పినా నా దాకా వస్తుంది.

ఆమె మాత్రం ఒకరోజు ముందే దిగేది. ఎర్రగుడ్డలో కట్టిన మానికను బస్సులో ఒళ్లో పెట్టుకొని వచ్చేది. గడప దగ్గర ఇచ్చేసి, వెనకింట్లో కూర్చొని ఉల్లిగడ్డలు కోసేది. ముందింట్లో పాట మొదలైతే కత్తి ఆగేది. ఒకటి, రెండు అని పెదాలతోనే లెక్కపెట్టుకునేది. అంతా అయ్యాక ఎవరు వెనక్కి వచ్చినా అదే ప్రశ్న. "ఐదు పడ్డయా? నిండుగ పోసిన్రా?" పడ్డాయంటే మళ్లీ కత్తి అందుకునేది. మానికను తోమడం మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. తనే తోమి, తనే తుడిచి, తనే గుడ్డలో చుట్టుకొని పోయేది.

నా పెళ్లికి ఆమె రెండు రోజుల ముందు రావాలి. పొద్దున వస్తానన్న మనిషి హన్మకొండలో మా ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. చేతిలో బట్టల సంచి తప్ప ఏమీ లేదు. మానిక మరిచిపోయి వచ్చానని, మళ్లీ వెళ్లి తెస్తానని చెప్పింది. అంత పెద్ద పొరపాటు ఆమె చేయదు. కానీ పెళ్లింట్లో ఎవరికి తీరిక. మరునాడు వెళ్లి తెచ్చింది. నా ఒడిలో ఐదు మానికల బియ్యం పడ్డాయి. నేను అత్తగారింటికి వెళ్లాను.

ఏడాది తిరక్కుండా నేను కడుపుతో ఉన్నాను. ఆరో నెలలో బిడ్డ పోయింది. దవాఖాన నుంచి అమ్మ దగ్గరికి వచ్చాక చూడడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒక కారణం తెచ్చింది. ఎండన పడి తిరిగానని ఒకరు, బొప్పాయి తిన్నానని ఒకరు. ఒడిబియ్యం పోసేటప్పుడు ఏదో లోపం జరిగి ఉంటుందని ఇంకెవరో అన్నారు. ఆ మాట అత్తమ్మ చెవిన ఎట్లా పడిందో తెలియదు. మరునాడే వచ్చింది. అమ్మ నీళ్లకని లోపలికి పోయినప్పుడు నా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అది మన మానిక కాదు బిడ్డా" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నా ముఖం చూడకుండా చెప్పుకుపోయింది. నా పెళ్లికి వస్తున్నప్పుడు బస్సులో ఒక ముసలామెకు సీటిచ్చి లేచిందట. మానికను పైన సామాన్లు పెట్టే చోట పెట్టిందట. హన్మకొండలో జనం తోసుకుంటూ దిగితే తనూ దిగిపోయింది. బస్సు పోయాక గుర్తొచ్చింది. అది తిరిగి వచ్చేదాకా సాయంత్రం వరకు బస్టాండులోనే నిలబడింది. కండక్టరు ఏమీ లేదన్నాడు. మరునాడు వరంగల్ పోయి, పాత ఇత్తడి సామాన్లు అమ్మే దుకాణంలో అటువంటిదే ఒకటి వెతికి తెచ్చింది. మా మానిక అంచున సొట్ట ఉండేది. దీనికీ రోకలితో ఒక సొట్ట పెట్టింది.

"కొలత మాత్రం తప్పు లేదు బిడ్డా. మనది నా చేతులతోని ఏడు దోసిళ్లు వట్టేది. ఇది గూడ ఏడే. నేను పోసి చూసిన."

ఎవరూ పోయనివ్వని బియ్యాన్ని ఆమె తన ఇంట్లో ఒక్కతే కూర్చొని, తన దోసిళ్లతో ఆ మానికలో పోసుకునేదని ఆ మాటలో ఉంది. ఆ రోజు నాకు అదేమీ వినిపించలేదు. నా కడుపు ఖాళీ అయింది, దానికి ఒక కారణం కావాలి, ఆ కారణం తనంతట తానే వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"నీ చెయ్యి పడ్డది కాబట్టే నా బిడ్డ పోయింది" అన్నాను.

అత్తమ్మ లేచి, గడప అవతల చెప్పులేసుకొని వెళ్లిపోయింది. అమ్మ నీళ్లు తెచ్చి, మీ అత్త ఏదే అని అడిగితే పనుందట అన్నాను. మానిక సంగతి ఎవరికీ చెప్పలేదు. అది ఆమె మీద దయతో కాదు. చెబితే నేను ఆమెను ఏమన్నానో కూడా చెప్పాల్సి వస్తుంది.

మూడేళ్లు ఆమె మా గడప తొక్కలేదు. నాకు కూతురు పుట్టిందని తెలిసి దవాఖానకు వచ్చింది. లోపలికి రాకుండా వరండాలో బెంచీ మీద కూర్చుందని నర్సు చెబితే నేనే లేచి, గోడ పట్టుకొని బయటికి వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడింది. నాకన్నా ఇరవై ఏడేళ్లు పెద్ద మనిషి, నన్ను చూసి లేచి నిలబడింది.

"పిల్లను ఎత్తుకోవచ్చునా?" అని అడిగింది.

కోపం తెచ్చుకొని ఉంటే తట్టుకునేదాన్ని. తిట్టి ఉంటే కాళ్ల మీద పడి ఉండేదాన్ని. అనుమతి అడిగింది. నేను ఏడుస్తూ పిల్లను ఆమె చేతుల్లో పెట్టాను. క్షమించమని అడిగాను కూడా. ఆమె పిల్ల చేతివేళ్లు లెక్కపెడుతూ, "అప్పుడు నీ పానం నీ దగ్గర లేకుండె. ఫికర్ జేయకు" అంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. పోయిన మానికను మాత్రం తలుచుకునేది. "ఎవలకు దొరికిందో ఏమో. ఉప్పు పోసి పెట్టకుంటె సాలు" అనేది. ఉప్పు తగిలితే ఇత్తడి పాడవుతుందని ఆమె బాధ.

అత్తమ్మ చివరి రోజులు చిన్నబాపు ఇంటి పక్కనే, ములుగు తోవలో ఉన్న మా ఊళ్లో, రెండు గదుల ఇంట్లో గడిచాయి. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక దూరపు చుట్టాలు బస్సులకు పోయారు. చిన్నబాపు, చిన్నమ్మ, వాళ్ల కూతురు, నేను మిగిలాం. చిన్నబాపు కూతురు నాకు చెల్లె, నాకన్నా పదిహేనేళ్లు చిన్న. కాజీపేటలో కాపురం. ఆమె పెళ్లయి అయిదో ఏడు. మైల పోయాక మంచిరోజు చూసి ఒడిబియ్యం పోయాలని అప్పటికే అనుకున్నారు. ఆ పిల్లకు ఇంకా పిల్లలు లేరు. ఈ అయిదేళ్లలో చిన్నమ్మ తొక్కని గుడి లేదు, చూపించని డాక్టరు లేడు.

పద్ధతి ప్రకారం మానిక ఇప్పుడు నాకు రావాలి. చిన్నమ్మ అత్తమ్మ రేకు పెట్టె తెరిచి, ఎర్రగుడ్డ మూట బయటికి తీసింది. చావు జరిగిన ఇల్లు కాబట్టి కడిగి ఇస్తానని నల్లా దగ్గర కూర్చొని, చింతపండుతో తోమడం మొదలుపెట్టింది. మా ఇంట్లో అత్తమ్మ కాక వేరే మనిషి ఆ మానికను తోమడం నేను చూడడం అదే మొదలు. చిన్నమ్మ దాన్ని బోర్లించి అడుగు రుద్దింది. కొంగుతో తుడిచి, కళ్ల దగ్గరగా పెట్టుకొని చూసింది.

"దీని మీద ఎవలదో పేరున్నది" అంది.

పాత సామాన్ల మీద పేర్లు కొట్టించడం అందరికీ ఉన్నదే. అత్తమ్మ దాన్ని బండకేసి అరగదీసి ఉంటుంది. మొదటి అక్షరాలు పోయాయి, చివరి 'మ్మ' మాత్రం మిగిలింది. చిన్నమ్మ లేచి వరండాలోకి వచ్చింది. తడి చేతులతో మానికను మా మధ్య పెట్టింది.

"ఇది మనది కాదు. మనదాని మీద పేరు లేకుండె. మీ అక్క మన మానికను అమ్ముకున్నది" అంది చిన్నబాపుతో.

"తెలువకుంట మాట్లాడకు" అన్నాడు చిన్నబాపు.

"తెలువక కాదు. ఎవల ఇంటి సామానో తెచ్చి నా బిడ్డ ఒళ్లె పోపిచ్చింది. అయిదేండ్ల నుంచి కడుపు పండుతలేదంటె ఎందుకో అనుకున్న. ముండమోసిన చెయ్యి పడ్డంక ఎట్ల పండుతది."

ఇరవై మూడేళ్ల కింద నేనన్న మాట చిన్నమ్మ నోట విన్నాను. అత్తమ్మ ఫోటో ముందు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. నేను ఊరుకుంటే అత్తమ్మ దొంగగా మిగిలిపోతుంది, చెల్లె గొడ్రాలితనానికి కారణంగా మిగిలిపోతుంది. నోరు విప్పితే చిన్నమ్మ నన్ను అడుగుతుంది, నీకెట్లా తెలుసని.

"అమ్ముకోలే చిన్నమ్మా. పోగొట్టుకున్నది. నా పెండ్లికి తెస్తుంటె బస్సుల పోయింది. నాకు ఎర్కే" అన్నాను. మొత్తం చెప్పాను. బస్టాండు, ఇత్తడి దుకాణం, రోకలి, ఏడు దోసిళ్లు. నా బిడ్డ పోయిన సంగతి వాళ్లకు తెలుసు. దాని తర్వాత నేను అత్తమ్మను ఏమన్నానో తెలియదు. అదీ చెప్పాను. ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పాను, మెత్తబరచలేదు.

చిన్నబాపు తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. చెల్లె అప్పుడు అడిగింది. "అమ్మా, నా పెండ్లప్పుడు అత్తమ్మ ఎక్కడున్నది?"

చిన్నమ్మ మానికను తన వైపు జరుపుకుంది.

"వెనకింట్ల కూసోబెట్టిన్రు గదా. నా ఒళ్లె బియ్యం పోసింది నువ్వు, పెద్దమ్మ, ఇంక ముగ్గురు. అత్తమ్మ చెయ్యి యాడ పడ్డది? కారణం కావాల్నంటె ఆ ఐదుగురిల ఎతుకు."

చిన్నమ్మ మానిక తీసుకొని లోపలికి పోయింది. కొంచెంసేపటికి గది లోపలి నుంచే అంది, "ఎట్లున్నా అది నా బిడ్డకు పనికిరాదు. కొత్తది తెస్త." నేను నాది నాకివ్వమని అడగలేదు. అడిగే ముఖం లేదు. సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

వారం రోజులు ఏ ఫోను మోగినా చిన్నమ్మదేమోనని చూశాను. ఇత్తడి దుకాణాల్లో పాతది తీసుకొని కొత్తది ఇస్తారు. పాతదాన్ని కరిగిస్తారు. ఒకసారి పోయిన మానిక కోసం అత్తమ్మ బస్టాండులో ఒక పూటంతా నిలబడింది. రెండోది పోతుంటే నేను ఆఫీసులో కూర్చొని ఫైళ్లు చూస్తున్నాను. ఎనిమిదో రోజు చిన్నమ్మ ఫోన్ చేసింది. "వరంగల్ వస్తాన. బజారుకు పోదాం, నువ్వు గూడ రా" అని పెట్టేసింది.

ఆటోలో ఆమె ఒళ్లో గుడ్డసంచి ఉంది. సంచి ఆకారం చూస్తేనే తెలిసింది లోపలేముందో. ఎట్లా గుంజుకోవాలి, ఏమని పోట్లాడాలి అని లోపల మాటలు కూర్చుకుంటున్నాను. సగం దూరం పోయాక ఆమె అడిగింది.

"నువ్వు గట్ల అన్నప్పుడు వదినె ఏమన్నది?"

"ఏమనలే. చెప్పులేసుకొని పోయింది."

చిన్నమ్మ రోడ్డు వైపు చూస్తూ అంది, "నువ్వు నోటితోని ఒక్కసారి అన్నవు. నేను అనకుంటనే అన్న. ఎన్ని ఒడిబియ్యాలకు గడప కాడ ఆ మానిక గుంజుకొని, ఆమెను ఆడనే ఇడిసిపెట్టిన్నో."

ఆటో దిగాం. దుకాణంలో కొత్త మానికలు వరసగా పేర్చి ఉన్నాయి, తళతళలాడుతూ. చిన్నమ్మ ఒకటి చేతిలోకి తీసుకొని బరువు చూసింది, పెట్టేసింది. సంచిలోంచి మనది తీసి బల్ల మీద పెట్టింది. "పాతది మార్చుకుంటరా అమ్మా?" అన్నాడు దుకాణాయన, త్రాసు దగ్గరికి జరుపుతూ. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"మార్చనీకె కాదు. పేరు కొట్టాలె" అంది చిన్నమ్మ. మానికను బోర్లించింది. "ఆ ఉన్న పేరు తుడిపెయ్యకు. ఎవల బిడ్డదో ఏమో. దాని పక్కన కొట్టు."

దుకాణాయన పేర్లు కొట్టే మిషన్ వైరు పెట్టి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఏం పేరని అడిగాడు. పెళ్లయి వచ్చిననాటి నుంచి వదినె అని తప్ప ఇంకోలా పిలవని మనిషి పేరును చిన్నమ్మ ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఆమె నోట ఆ పేరు నేను ఎప్పుడూ వినలేదు.

"ఇంటిపేరు గూడ రాయాల్నా? జాగ సాలది మరి."

"ఇంటిపేరు వద్దు. ఆమె పేరు సాలు. జర పెద్దగ కొట్టు."

మిషన్ మొదలైంది. దాని అదురుకు మానిక బల్ల మీద జారిపోతుంటే, చిన్నమ్మ ముందుకు వంగి రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. సన్నటి ఇత్తడి రజను ఆమె గాజుల మీద పడుతోంది. రెండో అక్షరం కొడుతుండగా చూస్తే ఆమె పెదాలు ఆ పేరును మళ్లీ పలుకుతున్నాయి.